11 కిలోమీటర్ల గడ్డి: సస్కాచెవాన్ ప్రెయిరీలో ఒక ఆయిల్ పైప్‌లైన్ కేస్ స్టడీ

పైప్‌లైన్ దారిని చూపే అలైన్‌మెంట్ షీట్లలో ఆ 11 కిలోమీటర్ల పక్కన రెండే మాటలు రాసి ఉన్నాయి: "పచ్చిక. ఆటంకాలు లేవు." ఇళ్ళు లేవు, చెట్లు లేవు, రాయి లేదు. పైప్‌లైన్ ఇంజనీరుకు అంతకన్నా సులువైన నేల దొరకదు.

నేను పుట్టింది నందికొట్కూరు దగ్గర. మా వైపు ఇలాంటి నేలను బీడు అంటారు. బీడంటే ఎందుకూ పనికిరాని నేల అనే అర్థంలోనే చిన్నప్పటి నుంచీ ఆ మాట విన్నాను. మా ఊరికి దగ్గర్లోని రోళ్ళపాడు బీళ్ళలో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. తర్వాత చుట్టూ నీళ్ళు పారాయి, పంటలు మారాయి, ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనబడటం గగనమైపోయింది. కెనడాలో పర్యావరణ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తూ ఆ షీటు చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ బీళ్ళే.

కేసు ఇది. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రం నైరుతి మూలన ఒక ఆయిల్ పైప్‌లైన్ వేయాలి. దారిలో చాలా భాగం గోధుమ, మసూరు పండే పొలాలు. మధ్యలో 11 కిలోమీటర్లు మాత్రం ఎన్నడూ నాగలి తగలని సహజ గడ్డినేల. కంపెనీ పేరు ఇక్కడ చెప్పను. నా బాధ్యత ఆ ముక్కలో వన్యప్రాణుల ఆవాసం దెబ్బతినకుండా చూడటం.

సస్కాచెవాన్‌లో ఒకప్పటి సహజ గడ్డినేలలో ఐదో వంతు కూడా మిగల్లేదు. మిగిలినది కూడా ఎక్కువగా పశువులు మేసే పచ్చికల్లోనే ఉంది. దున్నడానికి పనికిరాదని వదిలేయబట్టే అది బతికింది. దూరం నుంచి చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. మోకాళ్ళ మీద కూర్చుంటే బ్లూ గ్రామా, జూన్ గ్రాస్, గింజ తోక మెలితిరిగి నేలలోకి దిగే సూది-దారం గడ్డి కనిపిస్తాయి. వాటి మధ్య నేలకు అంటుకుని బూడిదరంగులో క్లబ్‌మాస్ అనే చిన్న మొక్క పరుచుకుని ఉంటుంది. ఆ క్లబ్‌మాస్ ఒకసారి తెగితే తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది. దాని కింద పైమట్టి ఎంత? చాలా చోట్ల 10 నుంచి 15 సెంటీమీటర్లు. జానెడు కూడా లేదు. ఆ కింద బంకమట్టి, అక్కడక్కడా ఉప్పు. కింది మట్టి పైమట్టిలో కలిసిపోతే దాన్ని మళ్ళీ విడదీయడం ఎవరి వల్లా కాదు.

ఈ గడ్డి మీద ఆధారపడినవి చాలా ఉన్నాయి. స్ప్రేగ్స్ పిపిట్ అనే పిచ్చుకంత పిట్ట నేల మీదే గడ్డితో గూడు అల్లుతుంది. మగపిట్ట కంటికి ఆనని ఎత్తుకు ఎగిరి గంటల తరబడి పాడుతుంది. నేల ఉడుతలు, బ్యాడ్జర్లు తవ్విన బొరియల్లో బర్రోయింగ్ ఔల్ అనే చిన్న గుడ్లగూబ కాపురముంటుంది. ఫెరూజినస్ హాక్ అనే పెద్ద గద్ద ఆ నేల ఉడుతలనే తిని బతుకుతుంది. జింకల్లా ఉండే ప్రాంగ్‌హార్న్‌లు కంచె మీదుగా దూకవు, కింది తీగ కిందుగా దూరి వెళ్తాయి. వసంతంలో షార్ప్-టెయిల్డ్ గ్రౌస్ అనే అడవి కోళ్ళు ఏటా అదే దిబ్బ మీద చేరి తెల్లవారుజామున ఆడతాయి. ఆ దిబ్బను లెక్ అంటారు. ఇంకా కప్పలు, సాలమాండర్లు, గిలక పాములు.

కంపెనీతో మొదటి మీటింగ్‌లో ప్రాజెక్ట్ ఇంజనీర్ సూటిగా అడిగాడు: "మూడేళ్ళలో గడ్డి మళ్ళీ మొలుస్తుంది కదా, ఇంత టెన్షన్ ఎందుకు?" మంచి మనిషి. అడిగినది నిజంగా తెలియకే. నేను నివేదికలు చూపించాను. ఆయన చదివాడు కూడా. అయినా మార్పు రాలేదు.

మార్పు తెచ్చింది ఆ పచ్చికలో పశువులు మేపుకునే పెద్దాయన. 70 దాటిన రాంచర్. ఏప్రిల్ చివరి వారంలో మమ్మల్నిద్దరినీ తన ట్రక్కులో ఎక్కించుకుని ఒక మిట్ట మీదికి తీసుకెళ్ళాడు. చుట్టూ నేలంతా ఇంకా ఎండుగడ్డి రంగులోనే ఉంది. దాని మధ్యలోంచి గీత గీసినట్టు నిటారుగా ఒక పచ్చటి పట్టీ అవతలి కొండ దాకా పోతోంది.

"అది మా నాన్న రోజుల్లో వేసిన గ్యాస్ లైను. మీరన్నట్టు గడ్డి మొలిచిందండీ. కాకపోతే వేరే గడ్డి" అన్నాడాయన.

అది క్రెస్టెడ్ వీట్‌గ్రాస్. 1930ల కరువులో మట్టి గాలికి కొట్టుకుపోతుంటే నేలను పట్టి ఉంచడానికి ఆసియా నుంచి తెచ్చిన ఈ గడ్డినే విరివిగా చల్లారు. ఆ పని అది చేసింది. కానీ స్థానిక గడ్డి కన్నా ముందే చిగురించి, ఉన్న తేమంతా తాగేసి, ఏడాదికేడాది పక్కకు పాకుతుంది. దాని గుబుర్ల మధ్య నేల బోసిగా ఉంటుంది. పిపిట్‌కు కావలసిన గడ్డి అల్లిక అక్కడ ఉండదు. ఇంజనీర్ ఆ పచ్చ గీత వైపు చాలాసేపు చూశాడు. తిరుగు దారిలో ఆయన అడిగిన ప్రశ్న వేరు: "మట్టి ఎంత తక్కువ తవ్వగలం?"

ఈ కేసులో మిగతావన్నీ ఆ ప్రశ్న మీదే నిలబడ్డాయి. పైప్‌లైన్ పనిలో వన్యప్రాణి రక్షణ అనగానే అందరికీ పక్షుల్ని లెక్కపెట్టడం, బోర్డులు పెట్టడం గుర్తొస్తాయి. అవీ కావాలి. కానీ ప్రెయిరీలో, అంటే ఈ గడ్డి మైదానాల్లో, ఆవాసమంటే ముందుగా ఆ జానెడు పైమట్టి, దాని మీది గడ్డి అల్లిక. దాన్ని ఎన్ని మీటర్ల వెడల్పున చెక్కుతారు అన్నదే అసలు నిర్ణయం. అది యంత్రాలు రాకముందే కాగితం మీద అయిపోవాలి. మట్టి చెక్కే గ్రేడర్ వచ్చాక బతిమాలితే ఒరిగేది ఉండదు.

మామూలు పద్ధతిలో 30 మీటర్ల రైట్ ఆఫ్ వే (లైను పనికి కేటాయించిన పట్టీ) మొత్తం పైమట్టిని గ్రేడర్‌తో చెక్కి ఒక పక్కన పోస్తారు. కాంట్రాక్టర్‌కు అది చదునైన రోడ్డులా ఉంటుంది. పైపులు పరచడం, వెల్డింగ్, కందకం తవ్వడం, దించడం అన్నీ వేగంగా సాగుతాయి. మేము అడిగింది కందకం మీద మాత్రమే, సుమారు 4 మీటర్ల పట్టీలో పైమట్టి తీయమని. మిగతా 26 మీటర్లలో గడ్డి మీదే యంత్రాలు నడవాలి. గడ్డి నిద్రాణంలోకి వెళ్ళి నేల ఎండి గట్టిపడ్డాక చక్రాల బండి దాని మీదుగా పోతే ఆకు విరుగుతుంది, వేరు బతుకుతుంది. నేల తడిసి ఉన్నప్పుడు అదే బండి లోతుగా గాడి పడేలా తొక్కేస్తుంది. అందుకని వాన పడితే ఆ ముక్కలో పని ఆపే అధికారం ఇన్‌స్పెక్టర్‌కు ఉండాలని ఒప్పందంలో రాయించాం.

కాంట్రాక్టర్ అభ్యంతరాలు న్యాయమైనవే. తవ్విన కింది మట్టిని గడ్డి మీద పోస్తే తిరిగి ఎత్తేటప్పుడు బకెట్ పళ్ళు గడ్డిని పెళ్ళగిస్తాయి. దానికి కింద జియోటెక్స్‌టైల్ అనే గట్టి గుడ్డ పరిచి, చివరి పొరను పళ్ళు లేని బకెట్‌తో, ఆ తర్వాత చేతి పారలతో ఎత్తాం. నెమ్మది పని. వాలు నేలలో మాత్రం చదును చేయకుండా వెల్డింగ్ చేయడం మనుషులకు ప్రమాదం. ఒక లోయ అంచున 600 మీటర్లు పూర్తి వెడల్పున చెక్కడానికి నేను ఒప్పుకోక తప్పలేదు. లోయ అడుగున ఉన్న వాగును మాత్రం తవ్వకుండా భూమి కింద నుంచి డ్రిల్ చేసి దాటాం. డ్రిల్లింగ్ బురద పగుళ్ళలోంచి పైకి ఉబికి వాగులో కలిసే ప్రమాదం ఉంటుంది. అందుకే ఆ రెండు రోజులూ ఒక మనిషిని వాగు ఒడ్డునే కూర్చోబెట్టాం.

రూటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అన్నిటికన్నా పెద్ద రక్షణ అసలు ఆ గడ్డిలోకి వెళ్ళకపోవడమే. మేము పొలాల మీదుగా చుట్టు దారి అడిగాం. కొంత దక్కింది. మొదట గీసిన గీత 14 కిలోమీటర్ల గడ్డి మీదుగా పోయేది, 11కి తగ్గింది. ఇది ఒప్పందం 4 ప్రాంతం, 1874లో ఆదివాసీ జాతులకూ బ్రిటిష్ రాజరికానికీ మధ్య ఒప్పందం జరిగిన నేల. సర్వే అప్పుడు ఆదివాసీ పెద్దలు మాతో పాటు లైను మొత్తం నడిచారు. గడ్డిలో సగం కూరుకుపోయిన రాళ్ళ వలయాలను వాళ్ళే ముందు గుర్తించారు. ఒకప్పుడు గుడారాల అంచులను పట్టి ఉంచిన రాళ్ళవి. దున్నిన చోట అలాంటివి ఉండవు. అక్కడ గీతను పక్కకు జరిపాం. ఒక పెద్దావిడ లెక్ దిబ్బను కూడా చూపించింది. మా సర్వేలో అది దొరకలేదు.

రూటు విషయంలో అందరికీ తెలిసిన పాఠం కీస్టోన్ ఎక్స్‌ఎల్ ఆయిల్ పైప్‌లైన్. 2008లో ప్రతిపాదించారు. కెనడాలో ఆల్బర్టాలోని హార్డిస్టీ నుంచి అమెరికాలో నెబ్రాస్కాలోని స్టీల్ సిటీ దాకా దాదాపు 1,950 కిలోమీటర్లు. మొదటి గీత నెబ్రాస్కా శాండ్‌హిల్స్ మీదుగా పోయేది. అవి ఇసుక దిబ్బలు, వాటిని పట్టి ఉంచేది పైనున్న గడ్డి పొర ఒక్కటే. అది చిరిగితే గాలి ఇసుకను తోడేసి గుంత చేస్తుంది, ఆ గుంత పెరుగుతూ పోతుంది. కింద ఒగల్లాలా భూగర్భ జలం. జనం ఎదురు తిరిగాక 2012లో ఆ గీతను మార్చారు. అంతకుముందు 2011లోనే, అనుమతి రాకముందే, అంతరించిపోతున్న బరీయింగ్ బీటిల్ అనే పురుగును దారిలోంచి పట్టి వేరే చోటికి తరలించి, గడ్డి కోసేశారు. పర్యావరణ సంఘాలు దాని మీద కోర్టుకు వెళ్ళాయి. చివరకు 2021లో అమెరికా అధ్యక్షుడి అనుమతి రద్దయి ప్రాజెక్టే ఆగిపోయింది. నేను ప్రతి కంపెనీకీ ఈ కథ చెబుతాను. దారి తేలకముందే నేల సిద్ధం చేయడం మొదలుపెడితే తర్వాత రక్షణ చర్యలన్నీ ఆ తప్పును సమర్థించుకోవడానికే సరిపోతాయి.

కాలం విషయంలో మాకు మంచి నమూనా ఉంది. కెనడాలో సేజ్ గ్రౌస్ అనే మరో రకం అడవి కోళ్ళు వందకు అటూఇటూ మాత్రమే మిగిలిన దశలో ప్రభుత్వం 2013 డిసెంబరులో అత్యవసర రక్షణ ఉత్తర్వు ఇచ్చింది. 2014 ఫిబ్రవరి నుంచి అది అమలైంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నుంచి ఉదయం దాకా 45 డెసిబెల్స్ దాటిన శబ్దం చేయకూడదు, 1.2 మీటర్ల కన్నా ఎత్తైన కట్టడాలు పెట్టకూడదు అంటుంది. ఎత్తైన స్తంభం కనబడితే దాని మీద గద్ద వాలి కాపు కాస్తుంది. ఆ దగ్గర కోళ్ళు ఆడవు. మా లైను ఆ ఉత్తర్వు పరిధిలో లేదు. అయినా లెక్ దిబ్బ దగ్గర అవే కొలతలు పెట్టుకున్నాం. పైప్‌లైన్ హెచ్చరిక బోర్డుల స్తంభాలను కూడా పొట్టివి చేసి, పైన పిట్ట వాలకుండా మొనదేలిన తొడుగులు వేయించాం. గూళ్ళ కాలమంతా, అంటే ఏప్రిల్ నుంచి ఆగస్టు చివరి దాకా, మట్టి పని లేదు.

అయినా గుడ్లగూబ మా క్యాలెండర్ చూడదు కదా. సెప్టెంబరులో పని మొదలవ్వాలి. ఆగస్టు మూడో వారంలో చివరిసారి లైను నడుస్తుంటే, జూన్ సర్వేలో ఏమీ లేని చోట ఒక బొరియ ముందు ఆవు పేడ ముక్కలు పరిచి ఉన్నాయి. బర్రోయింగ్ ఔల్ గుర్తు అది. ఆ పేడకు పురుగులు చేరతాయి, గుడ్లగూబకు మేత గుమ్మం ముందే దొరుకుతుంది. లోపల ఐదు పిల్లలు. వాటిని కదిలిస్తే గిలక పాము బుసలాంటి శబ్దం చేస్తాయి. ఈ గుడ్లగూబ, మన ఊళ్ళ పైడికంటె ఒకే ప్రజాతికి చెందినవి. సైజూ దాదాపు అంతే. మా ఊళ్ళో పైడికంటె అరిస్తే కీడని తరిమేవాళ్ళు. ఇక్కడ అదే వంశం పిట్ట కోసం పెద్ద పెద్ద యంత్రాలను ఆపమని అడుగుతున్నాను.

బొరియ లైనుకు 310 మీటర్ల దూరంలో ఉంది. పెద్ద యంత్రాలు 500 మీటర్ల లోపలికి రాకూడదు. లెక్క వేస్తే దాదాపు 780 మీటర్ల లైను ఆగింది. ఇలాంటప్పుడు సైట్‌లో పెద్ద గొడవ జరుగుతుంది. మాకు జరగలేదు, కారణం ఒకటే. ఒక ముక్క వదిలేసి ముందుకు వెళ్ళి తర్వాత వెనక్కి రావడానికి ఎంత చెల్లించాలో కాంట్రాక్టులో ముందే ధర రాయించాం. ఫోర్‌మ్యాన్ ఆ పేజీ తీసి చూసుకుని యంత్రాలను అవతలికి తరలించాడు. అక్టోబరు మధ్యలో పక్షులు దక్షిణానికి వెళ్ళిపోయాక ఆ ముక్క పూర్తయింది. ఈ పనిలోకి వచ్చే కుర్రవాళ్ళకు నేను మొదట చెప్పేది ఈ ధర సంగతే. రేటు ముందే రాసుకుంటే గుడ్లగూబ ఎవరికీ శత్రువు కాదు.

ఇప్పుడు మేము చేసిన తప్పులు. సెప్టెంబరు మొదటి వారాంతం ఇక్కడ మూడు రోజుల సెలవు. శుక్రవారం సాయంత్రానికి కందకం 500 మీటర్ల కన్నా ఎక్కువ తెరిచి ఉండకూడదని నియమం. ఆ రోజు పైపు దించే యంత్రం ఒకటి చెడిపోయింది. 1.2 కిలోమీటర్లు తెరిచే ఉంది. వాన సూచన ఉందని నాకు తెలుసు. సోమవారం దాకా ఏమీ కాదులే అనుకుని సంతకం పెట్టాను. రాత్రి వాన పడింది. సెప్టెంబరు వాన పడితే టైగర్ సాలమాండర్లు నీటిగుంటల నుంచి చలికాలపు బొరియలకు బయలుదేరతాయని కూడా నాకు తెలుసు. శనివారం తెల్లవారి వెళ్ళేసరికి కందకం అడుగున బురదలో అరవై దాకా సాలమాండర్లు, కప్పలు, రెండు బుల్ స్నేక్ పాములు, ఒక గిలక పాము. ముగ్గురం మధ్యాహ్నం దాకా బకెట్లతో ఎత్తిపోశాం. గిలక పామును పొడవాటి పట్టుకర్రతో, శిక్షణ ఉన్న అమ్మాయి ఎత్తింది. తొమ్మిది సాలమాండర్లు అప్పటికే చచ్చిపోయాయి. ఆ సంతకం నాదే. ఆ తర్వాత ప్రతి 100 మీటర్లకూ కందకంలో మట్టి ర్యాంపు పెట్టించాం. మధ్యమధ్య తవ్వకుండా వదిలిన కట్టలు ఉంచాం, పశువులూ జింకలూ దాటడానికి అవే దారి. పైపుల నోళ్ళకు రాత్రిపూట మూతలు బిగించాం. తెల్లవారి ఎవరో ఒకరు కందకం మొత్తం నడిచాకే ఇంజిన్లు స్టార్టయ్యేవి.

రెండో తప్పు ఎండుగడ్డి. ఇసుక ఎక్కువగా ఉన్న ఒక కిలోమీటరులో పూడ్చిన మట్టి గాలికి లేచిపోకుండా గోధుమ గడ్డి పరిచాం. కలుపు లేదన్న కాగితం మీద నమ్మకంతో కొన్నాం. మరుసటి జూన్‌లో అక్కడ స్మూత్ బ్రోమ్ మొలిచింది. క్రెస్టెడ్ వీట్‌గ్రాస్‌లాగే పాకే రకం. రెండు వేసవులు దాన్ని చేత్తో పీకాం, కలుపు మందులో ముంచిన గుడ్డతో ఒక్కొక్క మొక్కనూ తుడిచాం. రాంచర్ అప్పుడు ఒక మాట అన్నాడు: "బయటి గడ్డి ఎందుకండీ, ఈ పచ్చికలోదే కోసి పరిస్తే పోలేదా?" నిజమే. ఆగస్టులో గింజ పట్టిన స్థానిక గడ్డినే కోసి పరిస్తే గాలినీ ఆపుతుంది, విత్తనమూ అదే. తర్వాతి ప్రాజెక్టులన్నిటిలో అదే చేస్తున్నాను.

విత్తనం గురించి ఇంకొక సంగతి. స్థానిక గడ్డి విత్తనం అడిగిన వెంటనే దొరకదు. మేము రెండేళ్ళ ముందే ఆర్డర్ పెట్టాం. చల్లేటప్పుడు పలచగా చల్లించాం. దట్టంగా చల్లితే వేగంగా పెరిగే రకాలే నేలనంతా ఆక్రమిస్తాయి, పక్క గడ్డిలోంచి బ్లూ గ్రామా వచ్చి కుదురుకోవడానికి చోటుండదు. పట్టీ 4 మీటర్లే కాబట్టి 2 కిలోమీటర్లు అసలు విత్తనమే వేయకుండా వదిలాం. మొదటి వేసవిలో అక్కడ తుమ్మినా దుమ్ము లేచేలా ఉండేది. కంపెనీ వాళ్ళు ఫొటోలు చూసి కంగారు పడ్డారు. మూడో ఏటికి మొత్తం లైనులో అదే మంచి ముక్క అయింది. పశువులు తొక్కకుండా పెట్టిన తాత్కాలిక కంచెకు కింది తీగ ముళ్ళు లేనిది వేసి, నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో కట్టించాం. ప్రాంగ్‌హార్న్‌లు దాని కిందుగానే దూరి వెళ్ళేవి.

పైపు పూడ్చేసినంత మాత్రాన ముప్పు తీరిపోదు. 2022 డిసెంబరులో పాత కీస్టోన్ లైను అమెరికాలోని కాన్సస్‌లో పగిలి దాదాపు 13,000 బ్యారెళ్ళ నూనె మిల్ క్రీక్ అనే వాగులోకి, పక్క పచ్చికలోకి పోయింది. అందుకే మా వాగుకు రెండు పక్కలా వాల్వులు పెట్టమని మొదటి నుంచీ పట్టుబట్టాం. వాటిని గడ్డిలో కాకుండా అటూఇటూ ఉన్న పొలాల అంచుల్లో పెట్టారు. మరమ్మతుకు వచ్చే బండ్లు ప్రతిసారీ పచ్చికను తొక్కకుండా ఉండాలంటే అదే దారి.

ఐదో ఏడాది ఫలితాలు ఇవి. యంత్రాలు నడిచిన 26 మీటర్లలో ఇప్పుడు తేడా పట్టడం కష్టం, బండ్లు మలుపు తిరిగిన కొన్ని చోట్ల తప్ప. కందకం మీది పట్టీలో సూది-దారం గడ్డి, జూన్ గ్రాస్ నిలదొక్కుకున్నాయి. బ్లూ గ్రామా నెమ్మదిగా వస్తోంది. క్లబ్‌మాస్ అసలు రాలేదు, నా సర్వీసులో చూస్తానని కూడా అనుకోను. లెక్ దిబ్బ మీద కోళ్ళు ఏటా ఆడుతున్నాయి. జూన్‌లో లైను మీద పిపిట్ పాట రెండేళ్ళుగా వింటున్నాను. అయితే పాడినంత మాత్రాన గూడు పెట్టినట్టు కాదు కాబట్టి దాన్ని విజయమని నివేదికలో రాయలేదు. గుడ్లగూబ ఆ బొరియకు తిరిగి రాలేదు.

మొన్న ఏప్రిల్ చివర్లో రాంచర్ మళ్ళీ నన్ను అదే మిట్ట మీదికి తీసుకెళ్ళాడు. తన తండ్రి నాటి గ్యాస్ లైను ఎప్పటిలాగే పచ్చగా, నిటారుగా కనిపిస్తోంది. మా లైను ఎక్కడుందో ఆ పొట్టి బోర్డుల్ని బట్టి వెతుక్కోవలసి వచ్చింది. ఒక్క చోట మాత్రం అక్కర్లేదు. లోయ అంచున గ్రేడర్‌తో పూర్తిగా చెక్కిన ఆ 600 మీటర్లలో సన్నటి పచ్చ గీత అప్పుడే మొదలైంది. మే రెండో వారంలో నలుగురం పారలు తీసుకుని అక్కడికి వెళ్తున్నాం.